ఇంజన్, గేర్‌బాక్స్ కలిపే బయటికి తీయండి, నేల మీద విడదీయండి

పాత కారు క్లచ్ మార్చాలని నోరు తెరిచిన ప్రతివాళ్లకీ ముందు దొరికే సలహా ఒకటే. "ఇంజన్ జోలికి పోకు, కింద దూరి గేర్‌బాక్స్ ఒక్కటీ దించెయ్, సగం పని తప్పుతుంది." వినడానికి బాగానే ఉంటుంది. రేడియేటర్ తీయక్కర్లేదు, బానెట్ ఊడదీయక్కర్లేదు, క్రేన్ వెతుక్కోనక్కర్లేదు. నాకు మాత్రం ఈ సలహా అస్సలు నచ్చదు. ఇంట్లో లిఫ్ట్ లేకుండా, ఒకరో ఇద్దరో మనుషులతో పని చేసుకునేవాళ్లు వీలున్న ప్రతి కారులోనూ ఇంజన్‌, గేర్‌బాక్స్ రెండూ కలిపే బయటికి తీయాలి, నేల మీద పెట్టుకుని విడదీయాలి. పని ఎక్కువవుతుంది, నిజమే. ఆ ఎక్కువ పనంతా కళ్లెదుట జరిగే పని. కింద నుంచి చేసే పనిలో అసలు కష్టమైన ఘట్టం మనకి కనపడని చోట జరుగుతుంది. నా అభ్యంతరమల్లా అదే.

రెండూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బయటికి కనిపించేది బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉంచే గంట ఆకారపు భాగం) చుట్టూ ఉన్న బోల్టుల వరస. అవి విప్పేస్తే రెండూ ఊడిపోవాలనిపిస్తుంది. లోపల కథ వేరు. గేర్‌బాక్స్ ముందు నుంచి పొడుచుకొచ్చిన ఇన్‌పుట్ షాఫ్ట్ పెడల్ తొక్కితే క్లచ్‌ని వదిలించే రిలీజ్ బేరింగ్‌లోంచి, క్లచ్ ప్లేట్‌ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ మధ్యలోంచి దూరి వెళ్లి, క్లచ్ ప్లేట్ నడిమధ్యన ఉన్న హబ్‌లో పళ్లకి పళ్లు పట్టుకుని కూర్చుంటుంది. దాని కొన అక్కడితో ఆగదు. ఇంకా ముందుకెళ్లి క్రాంక్‌షాఫ్ట్ చివర ఉన్న చిన్న కంచు బుష్‌లో (గొట్టంలాంటి తొడుగులో) దూరుతుంది. కొన్ని కార్లలో బుష్ బదులు బేరింగ్ ఉంటుంది. అంటే బోల్టులన్నీ తీసేశాక కూడా గేర్‌బాక్స్ సుమారు జానెడు దూరం తిన్నగా వెనక్కి జరిగితే తప్ప షాఫ్ట్ క్లచ్ నుంచి పూర్తిగా బయటపడదు. ఒరలోంచి కత్తి తీసినట్టు తీయాలి. పైకి లేవకూడదు, కిందికి వాలకూడదు, పక్కకి తిరగకూడదు.

ఆ జానెడు దూరంలో గేర్‌బాక్స్ బరువు ఎవరు మోస్తున్నారన్నదే అసలు ప్రశ్న. పాత నాలుగు సిలిండర్ల కార్లలో గేర్‌బాక్స్ ఒక్కటే 30 నుంచి 50 కిలోలు ఉంటుంది. ఇనప కేసింగ్ అయితే ఇంకా ఎక్కువే. జాకీ కాస్త కిందికి ఉన్నా, మనిషి చెయ్యి కాస్త జారినా ఆ బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడుతుంది. షాఫ్ట్ గట్టిదే, దానికేమీ కాదు. కానీ ఆ షాఫ్ట్ ఆనుకున్న క్లచ్ ప్లేట్ పల్చటి రేకు. దాని హబ్ ఒక పక్కకి ఒంగిందంటే పెడల్ తొక్కినా ప్లేట్ పూర్తిగా వదలదు. గేర్ వేసేటప్పుడు గరగరమంటుంది, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. ఈ సంగతి మనకి తెలిసేది అన్నీ బిగించి, నూనె పోసి, బండి కిందకి దించాక. అప్పుడు మళ్లీ మొదటి నుంచీ విప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇప్పుడు ఇదే పని బండి కింద వెల్లకిలా పడుకుని చేస్తున్నారనుకోండి. గేర్‌బాక్స్ మీ ఛాతీకి కాస్త పైన ఉంది. బెల్ హౌసింగ్ కింది అంచు కనిపిస్తోంది, పై అంచు కనపడటం లేదు. కింద వేలు దూరేంత సందు వచ్చింది కాబట్టి విడిపోతోందని అనుకుంటాం. పైన ఒక్క వెంట్రుక కూడా కదిలి ఉండదు. అంటే గేర్‌బాక్స్ వెనక్కి రావడం లేదు, ఒక పక్కకి ఒరిగిపోతోంది. నా మిత్రుడొకడు ఈ పనిలో నాకన్నా అనుభవం ఉన్నవాడు, కింద నుంచి దించడమే న్యాయమంటాడు. "కాస్త ఊపితే వచ్చేస్తుందిరా" అన్నాడొకసారి. "ఎటు ఊపుతున్నావో కనిపిస్తోందా?" అని అడిగాను. "చేతికి తెలుస్తుంది" అన్నాడు. వాడి చేతికి తెలుస్తుంది, నేను కాదనను. ఏళ్ల తరబడి అదే పని చేసిన చెయ్యి అది. జీవితంలో ఒకటి రెండుసార్లు తన బండికి తనే ఈ పని చేసుకునే మనిషికి ఆ చెయ్యి ఉండదు. కాబట్టి కళ్లు కావాలి. నేల మీద ఉంటే చుట్టూ తిరిగి చూసుకోవచ్చు.

కలిపి తీయడం అన్ని కార్లకీ నప్పదు, ఆ సంగతి కూడా చెప్పాలి. కొన్ని కార్లలో ఈ చర్చే లేదు. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఎంజీబీలో, జాగ్వార్ ఈ-టైప్‌లో క్లచ్ దాకా వెళ్లాలంటే ఇంజన్ బయటికి రావాల్సిందే. గేర్‌బాక్స్ ఒక్కటే కిందికి దిగే దారి వాటిలో లేదు. అలెక్ ఇసిగోనిస్ గీసిన, 1959లో వచ్చిన మినీలో అయితే గేర్‌బాక్స్ ఇంజన్ వెనక ఉండదు, కిందే ఉంటుంది. రెండిటికీ నూనె ఒకటే. అక్కడ విడదీయడమంటే మొత్తం బయటికి తెచ్చి, ఇంజన్‌ని గేర్‌బాక్స్ మీద నుంచి పైకి ఎత్తడమే. ఇక ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పూర్తిగా ఇంకో దారి. వెనకున్న ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి పట్టి ఉంచేవి నాలుగే నాలుగు, పైన రెండు, కింద రెండు. గేర్‌బాక్స్‌ని బండిలోనే ఉంచి ఇంజన్‌ని వెనక్కి లాగి కిందికి దించుతారు. కలిపి తీయడానికి అందులో అర్థమే లేదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో సీట్లు తీసి, మధ్యలో గేర్‌బాక్స్‌ని కప్పే టన్నెల్ మూత ఎత్తేస్తే గేర్‌బాక్స్ బండి లోపలి నుంచే చేతికొస్తుంది. పై బోల్టులు, పై అంచు అన్నీ కూర్చున్న చోటి నుంచి కనిపిస్తాయి కాబట్టి ఆ బండిలో గేర్‌బాక్స్ ఒక్కటే తీసేవాళ్లని నేను తప్పు పట్టను. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది సాబ్ 99. ఇంజన్‌ని వెనక్కి తిప్పి పెట్టారు, క్లచ్ బానెట్ ఎత్తగానే ముందే ఉంటుంది. షాఫ్ట్‌ని ముందుకి లాగేసి, ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కదపకుండానే క్లచ్ మార్చుకోవచ్చు. రేపు దీన్ని విప్పబోయేవాడి గురించి కూడా ఆలోచించి గీసిన డిజైన్ అది. మిగతా కంపెనీలు ఎందుకు ఆ దారి పట్టలేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పాత కార్లకి ఒక్క హెచ్చరిక చాలు. అక్కడ క్లచ్ ఉండదు, నూనె ద్వారా ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. విడదీసే ముందు దాన్ని ఇంజన్ వెనకున్న పల్చటి ప్లేట్‌కి పట్టి ఉంచిన బోల్టులు చిన్న కిటికీలోంచి ఒక్కొక్కటే తిప్పుకుంటూ తీసేయాలి. కన్వర్టర్ గేర్‌బాక్స్‌తోనే రావాలి. ఇంజన్‌కి అతుక్కుని ఉండిపోతే లోపల నూనె పంపు మీద బరువు పడుతుంది.

బయటికి తీసే పని గురించి ఎక్కువ చెప్పను, ప్రతి కారు మాన్యువల్లోనూ వివరంగా ఉంటుంది. బ్యాటరీ తీగ ముందు విప్పండి. పెట్రోల్ పైపుకి బిరడా పెట్టండి. వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ తీశాక గేర్‌బాక్స్ తోక నుంచి నూనె ధారగా కారుతుంది, ఎందుకంటే బయటికి తీసేటప్పుడు మొత్తం ఏటవాలుగా వేలాడుతుంది. ముందే నూనె ఒంపేయండి, లేదా తోకకి గట్టి ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బర్ బ్యాండ్లు వేయండి. గేర్ లివర్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైట్ తీగ, క్లచ్ సిలిండర్, ఎర్త్ పట్టీ, సైలెన్సర్ పైపుని గేర్‌బాక్స్‌కి పట్టి ఉంచే చిన్న క్లాంప్, వీటిలో ఏదో ఒకటి మర్చిపోవడం మామూలే. అందుకే ఎత్తేటప్పుడు ఒక వేలెడు ఎత్తగానే ఆపి చుట్టూ తిరిగి చూడాలి. క్రేన్ విషయంలో మాత్రం లెక్క తప్పకూడదు. దాని మీద 2 టన్నులని రాసి ఉన్నా ఆ మాట క్రేన్ చెయ్యి పూర్తిగా ముడిచినప్పటిది. చెయ్యి పూర్తిగా చాపితే అరటన్నుకే పరిమితమయ్యేవి చాలా ఉన్నాయి. పాత నాలుగు సిలిండర్ల ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి సుమారు 200 కిలోలు ఉంటాయి, ఆరు సిలిండర్లవి ఇంకా చాలా ఎక్కువ. వేలాడుతున్న బరువు కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు. క్రేన్ ఎంత కొత్తదైనా సరే.

నేల మీదకి వచ్చాక ఇంజన్‌ని సంప్ (అడుగున నూనె నిలిచే తొట్టి) మీద కూర్చోబెట్టకండి. చాలా పాత కార్లలో అది పల్చటి రేకు, సొట్ట పడుతుంది. లోపల నూనె పీల్చే గొట్టానికి తగిలితే మరీ ప్రమాదం. మౌంటింగుల కింద చెక్క దిమ్మలు పెట్టి, క్రేన్ గొలుసు బిగువు అలాగే ఉంచి, ఇంజన్ కదలకుండా చూసుకోవాలి. గేర్‌బాక్స్ కింద చక్రాల జాకీ ఉండాలి. కదిలేది గేర్‌బాక్స్ ఒక్కటే. ఈ ఒక్క ఏర్పాటు సరిగ్గా కుదిరితే మిగతాది తేలికవుతుంది.

బోల్టులు విప్పే ముందు ఒక అట్టముక్క తెచ్చుకుని దాని మీద బెల్ హౌసింగ్ ఆకారం గీయండి. ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటే అట్టకి చిల్లు పొడిచి గుచ్చండి. అవి చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ పొడవులు వేరు. సెల్ఫ్ మోటార్‌ని పట్టి ఉంచేవి పొడుగు, కింద రేకు మూతని పట్టి ఉంచేవి పొట్టి. పొడుగుది పొట్టి చోట బిగిస్తే అడుగు తగిలి ఆగిపోతుంది, మనం బిగిసిందనుకుంటాం. పాత బ్రిటిష్ కార్లయితే పానాల సంగతి కూడా చూసుకోవాలి. అర అంగుళం బోల్టు తల 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా పట్టినట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి బిగుసుకున్న బోల్టు మీద ఆ 0.3 మిల్లీమీటర్ల తేడా చాలు, మూలలు అరిగి తల గుండ్రమైపోవడానికి. అంగుళాల పానాలే వాడండి.

అన్ని బోల్టులూ తీశాక కూడా రెండూ అంటుకునే ఉంటాయి. ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది, చేతికి స్క్రూడ్రైవరూ సుత్తీ వస్తాయి. ఒక గ్యారేజీలో అలా విడదీసిన బెల్ హౌసింగ్ నేను చూశాను. అల్యూమినియం అంచు మీద నాలుగైదు చోట్ల స్క్రూడ్రైవర్ మొన దిగిన గుంటలు, ప్రతి గుంట పక్కనా లోహం ఉబ్బి లేచింది. ఆ ఉబ్బుల మీదే మళ్లీ బిగించేశారు. గేర్‌బాక్స్ వంకరగా కూర్చుంది. చేసినవాళ్లకి పని రాక కాదు, తొందరలో ఉన్నారు. ఇంట్లో పని చేసుకునేవాళ్లకి ఉన్న గొప్ప సౌకర్యం అదే, సాయంత్రానికి బండి అప్పగించాల్సిన అవసరం లేదు.

రాకపోతే బలం పెంచకండి. రాకపోవడానికి కారణం వెతకండి. మొదటి అనుమానం మిగిలిపోయిన బోల్టు. గడ్డకట్టిన గ్రీజు, మట్టి కింద దాగిన బోల్టు ఎక్కడో ఒక చోట ఉంటుంది. అంచు మొత్తం వైర్ బ్రష్‌తో రుద్ది, వేలితో తడుముతూ ఒక చుట్టు రండి. సెల్ఫ్ మోటార్ వెనక, కింద మూత దగ్గర ముఖ్యంగా. నిజంగా ఏదీ లేదని తేలాక రెండో అనుమానం డోవెల్ పిన్నులు. ఇవి మామూలుగా రెండు ఉంటాయి. గేర్‌బాక్స్ మధ్యగీత, క్రాంక్‌షాఫ్ట్ మధ్యగీత మిల్లీమీటరులో పదో వంతు కూడా తేడా లేకుండా కలిసేది వీటివల్లే. పిన్ను ఉక్కు, హౌసింగ్ అల్యూమినియం. రెండు వేరు లోహాలు, మధ్యలో దశాబ్దాల చెమ్మ. అల్యూమినియం తెల్లటి పొడిగా మారి పిన్ను చుట్టూ గట్టిపడిపోతుంది. దగ్గరికెళ్లి లైటు వేసి చూడండి. కలిసే గీత మీద ఒకే చోట తెల్లగా సున్నంలా పొంగి ఉంటే డోవెల్ అక్కడే ఉంది, అదే పట్టుకుంది.

తుప్పు వదిలించే నూనె ఆ చోట కొట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు హాట్ ఎయిర్ గన్‌తో పిన్ను చుట్టూ ఉన్న హౌసింగ్‌ని నిదానంగా వేడి చేయండి. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా రమారమి రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి రంధ్రం పెద్దదై పిన్నుని వదులుతుంది. మంట మాత్రం వద్దు. పెట్రోల్ ఆవిర్లు, నూనె తడి ఉన్న చోట మంటతో పని లేదు. వేడి మీదే రబ్బర్ సుత్తితో హౌసింగ్ పక్కల మీద చుట్టూ తిరుగుతూ చిన్నగా తట్టండి. సందు తెరుచుకునే క్షణం చెవికి తెలుస్తుంది. అప్పటిదాకా గట్టిగా ఠంగుమన్న శబ్దం కాస్త బోలుగా మారుతుంది. ఆ వెంట్రుకంత సందులో పల్చటి చెక్క చీలికలు రెండు, ఎదురెదురుగా పెట్టండి. ఇనపవి వద్దు. కుడి వైపు ఒక దెబ్బ, ఎడమ వైపు ఒక దెబ్బ. ఒకే వైపు కొడితే ఒక పిన్ను వస్తుంది, రెండోది వంకర పడి ఇంకా బిగుసుకుంటుంది.

పిన్నులు వదిలాక సందు కొలవాలి. దీనికి పరికరం అక్కర్లేదు. ఒకే మందం ఉన్న చెక్కముక్కో డ్రిల్ బిట్టో పైన, కింద, రెండు పక్కలా దూర్చి చూడండి. నాలుగు చోట్లా ఒకేలా దూరితే గేర్‌బాక్స్ తిన్నగా వస్తోంది. పైన వదులుగా, కింద బిగువుగా ఉంటే తోక కిందికి వాలింది, జాకీ ఒక్క పట్టు లేపండి. కింద వదులుగా ఉంటే దించండి. కాస్త వెనక్కి జరపడం, ఆగి కొలవడం, జాకీ సర్దడం, మళ్లీ జరపడం. షాఫ్ట్ పళ్లు హబ్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు చేతిలో బిగువు ఒక్కసారిగా పోతుంది. అప్పుడే చాలామంది గేర్‌బాక్స్‌ని కిందికి వదిలేస్తారు. షాఫ్ట్ కొన ఇంకా ప్రెషర్ ప్లేట్ వేళ్ల మధ్యే ఉంటుంది. కొన పూర్తిగా బయటికొచ్చి కళ్ల ముందు కనిపించేదాకా అదే ఎత్తులో జరపాలి.

విడిపోయిన వెంటనే లోపలి నల్లటి దుమ్ముని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి. పాత క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో, యూరోపియన్ యూనియన్ అంతటా 2005లో. అంటే మన కార్లు తయారైన కాలానికి అది మామూలు వస్తువు. ఎన్నడూ మార్చని క్లచ్ అయితే అదే లోపల ఉందనుకుని పని చేయాలి. మంచి మాస్క్ పెట్టుకుని, నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూతికట్టి పారేయండి. ఈ విషయంలో "మా నాన్న ఊదేవాడు, ఏం కాలేదు" అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను గానీ, నా ముందు మాత్రం ఊదనివ్వను.

ఇంత దూరం వచ్చాక క్లచ్ ప్లేట్ ఒక్కటీ మార్చి మూసేయడం నాకు నచ్చదు. క్రాంక్ చివరి కంచు బుష్, రిలీజ్ బేరింగ్, రెండూ చిన్నవి, రెండూ ఇప్పుడు తప్ప చేతికి దొరకనివి. పాత బ్రిటిష్ కార్లలో రిలీజ్ బేరింగ్ అంటే నిజానికి బేరింగే కాదు, ఒక గ్రాఫైట్ ఉంగరం. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే త్వరగా అరిగిపోతుంది. ఫ్లైవీల్ (క్లచ్ బిగించి ఉండే బరువైన చక్రం) వెనక నూనె జిడ్డు చూసి మాత్రం కంగారు పడి కొత్త సీల్ కోసం వెతక్కండి, ముందు మీ ఇంజన్‌కి అసలు సీల్ ఉందో లేదో చూడండి. ఎంజీఏలో, తొలి ఎంజీబీల్లో వచ్చిన మూడు బేరింగుల బి-సిరీస్ ఇంజన్లకి వెనక రబ్బర్ సీల్ లేదు. క్రాంక్ మీద చెక్కిన మర గాడి తిరుగుతూ నూనెని లోపలికి తోస్తుంది. కాస్త చెమ్మ వాటికి మామూలే.

తిరిగి కలిపేటప్పుడు కొత్త క్లచ్ ప్లేట్‌ని సెంటరింగ్ టూల్‌తో మధ్యకి తెచ్చి, ప్రెషర్ ప్లేట్ బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. తర్వాత గేర్‌బాక్స్‌ని ఏదో ఒక గేర్‌లో వేసి ముందుకి తోస్తూ, ఇంకొకరు తోక వైపు షాఫ్ట్‌ని మెల్లగా తిప్పితే పళ్లు పళ్లలో పడతాయి. అక్కడి నుంచి బెల్ హౌసింగ్ ఇంజన్‌కి అతుక్కునేదాకా చేతి బలంతోనే వెళ్లాలి. చివర్లో వేలెడు సందు మిగిలి ఆగిపోయిందనుకోండి, బోల్టులు వేసి దగ్గరికి లాగాలనిపిస్తుంది. లాగొద్దు. ఆ సందు ఉందంటే షాఫ్ట్ కొన బుష్ అంచుకి తగిలి ఆగింది, లేదా ప్లేట్ మధ్యలో లేదు. బోల్టు బలానికి హౌసింగ్ చెవి విరుగుతుంది, లేదంటే మొదట మనం అంత జాగ్రత్తపడ్డ హబ్ ఒంగుతుంది. వెనక్కి లాగి, ప్లేట్‌ని మళ్లీ మధ్యకి తెచ్చి, నాలుగు వైపులా సందు కొలుచుకుంటూ మళ్లీ తోయండి. నేల మీద ఉన్నప్పుడు ఆ మళ్లీ అన్నది పావుగంట పని. బండి కింద పడుకుని అయితే పూట పని.